యావ పుడితే కెటిల్

క్లెమ్ బామ్‌ఫర్త్‌కి సిగరెట్టు మీద యావ పుట్టినప్పుడల్లా మా బ్యాండులో ఉన్నవాళ్లందరి కడుపులూ టీతో నిండిపోయేవి. ఇది గోరంతలు కొండంతలు చెయ్యడం అనుకునేవాళ్లు, మా బ్యాండు గదికి వచ్చి మరుగుదొడ్డి ముందు వరసను ఒకసారి చూసి అప్పుడు మాట్లాడాలి.

క్లెమ్ రిటైరైన బస్సు డ్రైవరు. మా బ్యాండులో అన్నింటికన్నా పెద్ద బాకా అతనిదే. అతను వాయిస్తుంటే బాకాయే కుర్చీలో కూర్చుని మనిషిని ఒళ్లో పెట్టుకున్నట్టుండేది. పక్కనే నా డ్రమ్ము. ఇన్నేళ్లుగా అతని ఎడమ చెవీ నా కుడి చెవీ కలిసే చెడిపోయాయి. నలభై ఏళ్లు సిగరెట్లు ఊదిన ఆ మనిషి, ఆకులు రాలే రోజుల్లో ఒకనాడు హఠాత్తుగా మానేశాడు. ఊపిరి పీలిస్తే లోపల ఈల వినిపిస్తోందట. అది వినిపించినందుకు కాదు, శ్రుతిలో లేనందుకు బాధపడ్డాడు.

సిగరెట్లు మాన్పించే నర్సు దగ్గరికి వెళ్లాడు. ఆవిడ వేప్ అంటారే, ఆ ఆవిరి గొట్టం చేతిలో పెట్టింది.

"సిగరెట్టు లాగినట్టు గుప్పున లాగకండి. దగ్గొస్తుంది. నెమ్మదిగా పీల్చండి. ఇది దిగడానికి వేసిన నిచ్చెన. దీనిమీదే కాపురం పెట్టకండి."

"దీంతో యావ పోతుందామ్మా?"

"చాలావరకు పోతుంది. అయినా ఒక్కోసారి సిగరెట్టే కావాలని ప్రాణం పీకుతుంది. చేతికి ఏదో ఒక పని చెప్పండి. కెటిల్ మరిగి, ఓ టీ తాగేంతసేపు ఓర్చుకున్నారంటే అదే పోతుంది."

ఎంతసేపు ఓర్చుకోవాలో చెప్పడానికి ఆవిడ ఆ మాట వాడింది. క్లెమ్ దాన్ని మందు చీటీ అనుకున్నాడు. అక్కడితో ఆగినా బతికిపోయేవాళ్లం. కానీ మా కొండ ఊళ్లలో టీకి చట్టాలున్నాయి. నీకోసం టీ పెట్టుకుంటే గదిలో ఉన్నవాళ్లందరికీ పెట్టాలి. తనొక్కడికే పెట్టుకున్నవాడి సంగతి వాడి అంత్యక్రియల్లో కూడా చెప్పుకుంటారు. ఇచ్చిన టీ వద్దన్నామా, ఇక వాళ్లింటికీ మనింటికీ మాటల్లేనట్టే. వీటికి తోడు మా బ్యాండుకి సొంత నియమం ఒకటుంది: మగ్గు గడప దాటకూడదు. వెనకటికి ఎవరి మగ్గు వాళ్లు బయటికి పట్టుకెళ్లి గోడల మీదా పొదల్లోనూ వదిలేస్తే, చివరికి బాకా మూతుల్లో పోసుకుని తాగాల్సి వచ్చిందట.

కాబట్టి క్లెమ్ కెటిల్ పెట్టాడంటే, అందరి టీలూ అయ్యేదాకా గదిలోంచి చీమ కూడా కదలదు.

"వచ్చింది," అనేవాడు, పాట మధ్యలో బాకా దించి.

"ఇప్పుడే కదయ్యా పోయింది," అనేవారు హేగ్ మాస్టారు, చేతిలో పుల్ల గాల్లోనే నిలిపి. మా బ్యాండుని నడిపించేది ఆయనే.

"అది పాతది మాస్టారూ. ఇది కొత్తది."

కెటిల్ గురగురలాడేలోపు క్లెమ్ ఆవిరి గొట్టం తీసి, నర్సు చెప్పినట్టే నెమ్మదిగా పీల్చేవాడు. అతనికి నచ్చింది కస్టర్డు వాసన. ఒకసారి పీల్చిన ఆవిరి వదలడం మరిచిపోయి బాకా ఊదేశాడు. బాకా మూతిలోంచి తెల్లటి మబ్బు లేచి ముందు వరసని కప్పేసింది. బాకాల బ్యాండులో పిండివంటల కొట్టు వాసనేమిటని కొత్తగా చేరినావిడ అడిగింది. ఎవరం కనబడటం లేదు కాబట్టి ఎవరం జవాబు చెప్పలేదు.

మా బ్యాండులో ట్రాంబోను అనే పొడుగు బాకా వాయించిన పెద్దాయన పోయినప్పుడు చర్చిలో వాయించడానికి వెళ్లాం. శవపేటిక లోపలికి వస్తుండగా క్లెమ్ నా వైపు వంగాడు.

"ఐవీ, వచ్చింది."

"ఇప్పుడా? కాస్త ఆపుకో."

"ఆపుకుంటే సిగరెట్టు కాలుస్తాను. పైన ఆయన చూస్తాడు కూడాను."

పక్క గదిలో ప్లగ్గు దొరికింది. పాస్టరుగారికి, పెట్టె మోసినవాళ్లకి, ముందు వరసలో ఏడుస్తున్నవాళ్లకి, అందరికీ టీ అందింది. చచ్చిపోయినాయన పెళ్లాం మాత్రం తర్వాత ఎన్నోసార్లు చెప్పింది, ఆరోజు ఎవరికైనా ఆ ఆలోచన వచ్చినందుకు ప్రాణం లేచొచ్చిందని.

ఇక మా అసలు గొడవ సెల్విన్ లంబ్‌ది. కార్నెట్ అనే చిన్న బాకా వాయించేవాళ్లలో సెల్విన్‌ది మొదటి కుర్చీ. ఆ కుర్చీలో అతనికన్నా ముందు వాళ్ల నాన్న కూర్చున్నాడు. ఒంటరి మనిషి. ఇంట్లో కార్నెట్, గోడ గడియారం తప్ప చప్పుడు చేసేది ఇంకేమీ లేదు. మొండితనంలో అతన్ని మించినవాడు మా లోయలో పుట్టలేదు. కాల్చేది రోజుకి "రెండే" అనేవాడు. రెండేమిటో చెప్పేవాడు కాదు. మేం పెట్టెలనుకునేవాళ్లం.

అతని ఊపిరి తగ్గుతోందని అందరికీ తెలుస్తూనే ఉంది. ఏటా వేసవి మొదట్లో, విట్ శుక్రవారం అనే పండగనాడు, బ్యాండులన్నీ ఊరూరా కవాతు చేసుకుంటూ వెళ్లి పోటీలో వాయిస్తాయి. మేం వాయించే పాట చివర అందరం ఆగిపోతే కార్నెట్ ఒక్కటే పొడుగ్గా ఒక స్వరం పట్టుకుని నిలబడాలి. కిందటేడు సెల్విన్ స్వరం సగంలో తెగిపోయింది. చలికాలంలో హేగ్ మాస్టారు అందరిముందూ చెప్పేశారు.

"సెల్విన్, ఈసారి కూడా ఆ స్వరం నిలబడకపోతే కుర్చీ వేరేవాళ్లకి ఇవ్వాల్సొస్తుంది. నాకూ ఇష్టం లేదు. కానీ ఇవ్వాల్సొస్తుంది."

సెల్విన్ గుడ్డ తీసి కార్నెట్ తుడుచుకున్నాడు.

"పోనీ నువ్వూ క్లెమ్‌లా ఆ గొట్టం పీల్చి చూడరాదూ," అన్నాను.

"ఆ పాలసీసా నా నోట్లోనా? చచ్చినా పెట్టుకోను," అన్నాడు.

ఆ తర్వాతే క్లెమ్ యావ ముదిరింది. సెల్విన్ తన పాట సాధన చేద్దామనుకునే ప్రతిసారీ "వచ్చింది" వినిపించేది. మా అందరికీ ఒళ్లు మండిపోయింది. ఒకడి యావ కోసం ఇంకొకడి కుర్చీ పోయేట్టుంది కదా. మాస్టారు సభ పెట్టారు. విరామంలో తప్ప కెటిల్ ముట్టకూడదని తీర్మానం.

"నీకేమైనా చెప్పుకోవాలని ఉందా, క్లెమ్?"

క్లెమ్ చాలాసేపు ఆలోచించాడు. "వచ్చింది," అన్నాడు.

అందరికీ టీ వచ్చింది. తీర్మానానికి కుడి చెయ్యి ఎత్తాలి. కుడి చేతుల్లో మగ్గులున్నాయి.

"ఎడమ చేతులు ఎత్తండి," అన్నారు మాస్టారు.

"నియమాల్లో కుడి చెయ్యి అనే ఉంది," అన్నాడు హార్న్ వాయించే లాయరు గుమస్తా. "ఎడమ చెయ్యి ఎత్తితే రేపెవరైనా అడగొచ్చు."

మగ్గులు ఖాళీ అయ్యేసరికి సగంమంది మరుగుదొడ్డి దగ్గర ఉన్నారు. సభకి కావలసినంతమంది లేరని సభ రద్దయింది. ఆ తీర్మానం మూడుసార్లు పెట్టాం. మూడుసార్లూ అదే తంతు.

వసంతం చివర సెల్విన్ వాళ్ల చెల్లెలింటికని సముద్రం ఒడ్డుకి వెళ్లాడు. అతను లేని సాధనలో పాట మొదలెట్టాం, పూర్తిచేశాం. మళ్లీ మొదలెట్టాం, మళ్లీ పూర్తిచేశాం. ఏదో వెలితిగా ఉంది. చాలాసేపటికిగాని అది దాహం అని తెలీలేదు. క్లెమ్ కెటిల్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. మరుసటి సాధనలోనూ అంతే.

డ్రమ్ము మోసుకెళ్తూ అతన్ని వాకిట్లో పట్టుకున్నాను.

"క్లెమ్, నీ యావ ఏమైంది?"

"అదా," అన్నాడు. "చలికాలంలోనే పోయింది."

"మరి ఇన్ని టీలు?"

అటూ ఇటూ చూశాడు. బాకా కింద పెట్టి దానిమీదే కూర్చోబోయి, గుర్తొచ్చి గోడకి ఆనుకున్నాడు.

"సెల్విన్ ఎడమ జేబు తడుముకుంటాడు చూశావా తల్లీ? తడుముకుని తలుపుకేసి చూస్తాడు. అది చూడగానే నేను లేస్తాను. టీ వద్దనలేడు. మగ్గుతో గడప దాటలేడు. మగ్గు ఖాళీ అయ్యేసరికి యావ పోతుంది. నర్సు చెప్పింది అబద్ధం కాదు, నా మీద నేను చేసి చూసుకున్నా."

"ఆ కస్టర్డు గొట్టం?"

"అందులో మందేం లేదు, ఉత్త వాసనే. చూసేవాళ్లు నమ్మాలి కదా."

"ఈ సంగతి అందరికీ చెప్పొచ్చుగా. నిన్ను ఎన్నెన్ని మాటలన్నాం."

"అతనికి తెలిస్తే తాగడు. తెలిసిందా, మగ్గు నా నెత్తిన బోర్లించి పోయి కాలుస్తాడు. ఆ మొండిఘటం సంగతి నీకు తెలీదా. ఆ కుర్చీ పోతే ఇంక వాడికేముంది చెప్పు. పడే మాటలేవో నన్నే పడనీ."

మోస్తున్నది కింద దించేశాను. డ్రమ్ము బరువని సర్దిచెప్పుకున్నాను.

విట్ శుక్రవారం వచ్చింది. మొదటి ఊళ్లో మా వంతు కోసం వీధిలో వరసకట్టి నిలబడ్డాం. ముందొక బ్యాండు, వెనకొక బ్యాండు. సెల్విన్ మొహం సున్నం కొట్టినట్టుంది. ఎడమ చెయ్యి జేబు మీదికి వెళ్లింది. అక్కడ గడపా లేదు, నియమమూ లేదు. పోవాలనుకుంటే సందు చివరిదాకా పోవచ్చు.

క్లెమ్ బాకా నా చేతికిచ్చాడు. అందులోంచి కెటిల్ తీశాడు. పక్కనున్న ఇంటి తలుపు తట్టాడు.

"అమ్మా, కాస్త కరెంటిస్తారా? నాకు వచ్చింది."

తలుపు తీసిన ముసలావిడ అతన్నీ కెటిల్నీ చూసింది. "లోపలికి రా నాయనా. ఎంతమందికి?"

అక్కడొచ్చింది చిక్కు. గదిలో ఉన్నవాళ్లందరికీ ఇవ్వాలనేది చట్టం. వీధికి గోడలేవి?

"కనబడేవాళ్లంతా గదిలో ఉన్నట్టే," అన్నాడు క్లెమ్.

ముసలావిడ పక్కింటావిడని పిలిచింది. పక్కింటావిడ ఎదురింటావిడని పిలిచింది. ఇంటింటా కెటిళ్లు పెట్టేసరికి వీధి దీపాల అలంకరణ ఒకసారి మిణుకుమంది. మాకు, ముందు బ్యాండుకి, వెనక బ్యాండుకి, ట్రాఫిక్ ఆపుతున్న పోలీసుకి, అతను ఆపిన కార్లలోవాళ్లకి, అందరికీ టీ ఇచ్చారు. సెల్విన్ రెండు చేతులతో కప్పు పట్టుకుని ఆఖరి చుక్కదాకా తాగాడు. మాస్టారు తలపట్టుకున్నారు. ముందు బ్యాండుకి అలవాటు లేదు పాపం. వాళ్ల వంతు వచ్చేసరికి వాళ్లలో బాకాలవాళ్లు ఒక్కరూ కనబడలేదు. మమ్మల్ని ముందు పిలిచారు.

మా పోటీల్లో న్యాయనిర్ణేత తెరలు వేసిన బండిలో కూర్చుంటాడు. ఎవరు వాయిస్తున్నారో అతనికి తెలియకూడదు, అతనెవరో మాకు తెలియకూడదు. కవాతు చేసుకుంటూ వెళ్లి బండి ముందు నిలబడి వాయించాం. కంగారులో క్లెమ్ మళ్లీ ఆవిరి వదలకుండా ఊదాడు. కస్టర్డు మబ్బు తిన్నగా బండి కిటికీలో దూరింది. తెర కదిలింది. ఎన్నడూ ఎవరికీ కనబడని న్యాయనిర్ణేత చెయ్యి బయటికొచ్చి, విసనకర్రలా రెండుసార్లు ఊగి, లోపలికి పోయింది.

అప్పుడు అందరం ఆగాం. కార్నెట్ ఒక్కటే మిగిలింది.

ఆ స్వరం కిందటేడు తెగినచోటుకి వచ్చింది. నేను డ్రమ్ము కర్రలు విరిగేలా పట్టుకున్నాను. అది దాటింది. ఇంకా దాటింది. సెల్విన్ కళ్లు మూసుకుని, ఆపడం మరిచిపోయినవాడిలా నిలబడ్డాడు. పక్కకి చూస్తే క్లెమ్ బాకా వెనక మొహం దాచుకున్నాడు.

మూడో స్థానం వచ్చింది. మాస్టారు సెల్విన్ భుజం తట్టి, "వచ్చే ఏడు కూడా ఆ కుర్చీలోనే కూర్చో," అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద పొగడ్త మేమెవ్వరం వినలేదు.

బస్సు దగ్గర సెల్విన్ నన్ను పక్కకి పిలిచాడు.

"ఐవీ, ఒక మాట. క్లెమ్‌కి మాత్రం చెప్పకు." ఎడమ జేబులోంచి ఒక వస్తువు తీసి అరచేతిలో దాచి చూపించాడు. ఆవిరి గొట్టం. పుదీనా వాసన. "సిగరెట్లు ఈస్టర్‌కి ముందే మానేశా. ఆ నర్సు దగ్గరికే వెళ్లా. పాలసీసా అన్నవాణ్ని, ఏ మొహంతో చెప్పను? ఉందో లేదోనని ఊరికే జేబు తడుముకుంటుంటా."

"మరి ఇవాళ్టిదాకా ఆ టీలన్నీ ఎందుకు తాగావు?"

"మొదట్లో అవే లేకపోతే మళ్లీ కాల్చేవాణ్ని, నిజం చెప్పొద్దూ. ఇప్పుడంటావా, నేను తాగకపోతే ఆ ముసలాడు ఏమైపోతాడు? పాపం, అతని యావ ఇంకా పోలేదు. పోకపోగా ముదురుతోంది, చూస్తున్నావుగా. పక్కన తోడు లేకపోతే సిగరెట్టు ముట్టించేస్తాడు. నా కడుపు పోతే పోయింది."

వాళ్లిద్దరికీ నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. చెబితే రెండో క్షణంలో కెటిల్ ఆగిపోతుంది, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక బ్యాండే మానేస్తారు. ఇప్పటికీ ప్రతి సాధనలో ఇతను జేబు తడుముకుంటాడు, అతను "వచ్చింది" అంటాడు, మేమంతా వాయిద్యాలు దించి మగ్గులందుకుంటాం. నాకు పుట్టిన దగ్గర్నుంచీ టీ అంటే గిట్టదు. అదీ నేను ఎవరికీ చెప్పలేదు.