చెంబులో మిగిలిన పంచామృతం

శామీర్‌పేట దగ్గర ఒక ల్యాబులో నా ఉద్యోగం. జబ్బు తెచ్చే సూక్ష్మజీవులను పెంచి, వాటి జన్యువులను చదివి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం మా పని. మా భజన మండలిలో నన్ను "పురుగుల పిల్ల" అంటారు. అక్కడ నాకు ఇంకో పని ఉంది. మేడ్చల్ పక్కన మా ఊళ్లో ఏటా వానకాలంలో ఏడు రోజులు పురాణ సప్తాహం జరుగుతుంది. నాయిన పోయినప్పటి నుంచి పంచామృతం కలిపేది నేనే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ రోజు పంచామృతమూ పూర్తిగా అయిపోకూడదు. ఒక స్టీలు చెంబులో కొంచెం ఉంచి, మర్నాడు కొత్తగా కలిపినదాంట్లో పోస్తాం. "ధార తెగొద్దు బిడ్డా" అని పురాణం చెప్పే పెద్దాయన మొదటి రోజే గుర్తుచేస్తాడు. ల్యాబులో ఒక్క చుక్క బల్ల మీద పడినా స్పిరిట్‌తో తుడిచేదాన్ని, గుడిలో ఆ చెంబును ఒక్కనాడూ అనుమానించలేదు. స్వామికి నివేదించింది చెడుతుందన్న ఆలోచనే నాకు రాలేదు.

నిరుడు నాలుగో రోజు సాయంత్రానికి ఇంటింటా వాంతులు, విరేచనాలు, జ్వరం. నేనూ రెండు రోజులు లేవలేదు. కలిపేవాళ్లు లేక ధార ఆగింది, పురాణమూ అక్కడే ఆగింది. ఆ చెంబును మా ఇంటి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను. పారబోయడానికి మనసు ఒప్పలేదు.

ఆరోగ్య కేంద్రం వాళ్లు వచ్చి అందరి నమూనాలూ తీసుకున్నారు. సప్తాహం భోజనాలు వండే అక్కవి కూడా. ఆమెది చెరువులో చేపలు పట్టే ఇల్లు. సప్తాహం ఏడు రోజులూ ఆ ఇంట్లో చేప ముట్టరు. అయినా మా చిన్నాయిన వరసాయన ఒకడు గుడి వంటశాల ముందరే అనేశాడు.

"చేపలు గోసిన చేతులతోని పప్పు గెలికితే గిట్లనే అయితది."

"ఇరవై ఏండ్ల సంది గీ చేతులతోని వండిందే తింటున్నవు గద. అప్పుడు కడుపు నొయ్యలేదా?" అంది అక్క.

నాలుగు రోజులకు ఫలితం వచ్చింది. జబ్బుపడ్డవాళ్లలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి. అక్కకు జ్వరమే రాలేదు, కానీ ఆమె నమూనాలోనూ సాల్మొనెల్లానే. ఇక ఎవరికీ సందేహం మిగల్లేదు. పెద్దాయన కూడా "కొన్నొద్దులు రాకు బిడ్డా" అన్నాడు. ఆమె గరిటె కడిగి, బోర్లించి వెళ్లిపోయింది.

పేరు కలిస్తే దొంగ దొరికినట్టు కాదు. ఒకే ఇంటిపేరున్నవాళ్లు మేడ్చల్‌లో ఎంతమంది లేరు? అందుకే మేము ఆ జీవి జన్యువుల్లో ఏడింటిని ఎంచుకుని, ఒక్కోదానిలో అక్షరాల వరుస చదువుతాం. ఒక్కో వరుసకు ఒక్కో అంకె. ఏడు అంకెలూ కలిస్తేనే ఆ జీవులు ఒకే రకం. ఊరి నమూనాలు మా ల్యాబుకే వచ్చాయి. మా ఊరివని చెప్పగానే మా మేడమ్ వాటిని నన్ను ముట్టనివ్వలేదు. ఫలితం వచ్చాక మాత్రం పిలిచి చూపించింది. జబ్బుపడ్డవాళ్లందరిలో ఏడుకు ఏడూ ఒకటే. అక్కలో ఉన్నదానికి వాటితో కలిసినవి రెండే.

"వంట చేసినావిడది వేరే రకం. వీళ్లకు ఇంకెక్కడి నుంచో వచ్చింది. పప్పు, బోరు నీళ్లు, అన్నీ చూశాం. ఇంకేమైనా తిన్నారా?"

"గుర్తుచేసుకుని చెప్తా మేడమ్" అన్నాను. గుర్తుచేసుకునే అవసరం లేదు. ఆ చెంబు సంగతి ఆరోగ్య కేంద్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే మాలో ఎవరికీ అది తిండి కాదు. రెండు రోజులు పూజలో కూర్చున్నా మంత్రం ముందుకు సాగలేదు. స్వామి ప్రసాదాన్ని దోషిని చేసినదాన్ని అవుతానని ఒక భయం. అంతకన్నా పెద్ద భయం, కలిపింది నేనని. నేను నోరు మూసుకుంటే ఆమె మీద మాట అట్లాగే ఉండిపోతుంది. మూడో రోజు చెంబును ఐసు డబ్బాలో పెట్టి ల్యాబుకు తీసుకెళ్లాను.

ఏడుకు ఏడూ కలిశాయి. అది పాలలోంచి వచ్చిందో, నా చేతి నుంచే వచ్చిందో ఆ అంకెలు చెప్పలేదు. నిన్నటిది ఇవాళ్టిదాంట్లో పోసి, నాలుగు రోజులు పెంచింది మాత్రం నేనే.

కుంకుమ భరిణె పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. జరిగింది విని, బొట్టు పెట్టబోయిన నా చెయ్యి ఆపింది.

"ఇంటికొచ్చి జెప్పుడేంది చెల్లె? నన్ను అన్నది పదిమందిల. గాడనే జెప్పు."

ఏకాదశి నాడు, ఆగిన పురాణం మళ్లీ ఎత్తుకోవడానికి మండలి అంతా కూర్చున్నప్పుడు, అక్క కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాక, లేచి చెప్పాను. ముందుగా చిన్నాయినే అందుకున్నాడు.

"అంటే స్వామి ప్రసాదంల పురుగులున్నయంటవు. సదువుకున్నోళ్లకు దేవుడంటే గింతేనా?"

"స్వామి స్వీకరించింది ఆ రోజుదే చిన్నాయినా. నిన్నటిది కలిపింది నేను. ఆయన కలపమనలేదు."

ఇది వాదన గెలవడానికి అనలేదు. ఇప్పటికీ అట్లాగే నమ్ముతాను.

పెద్దాయన గ్రంథంలో గుర్తు పెట్టి మూశాడు. "తెగొద్దన్నది నేనే" అన్నాడు. అక్క వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పయింది బిడ్డా. రేపటి సంది మళ్ల నువ్వే వండాలె."

కానీ అది కుదరదు. ఆమెలో ఉన్నది వేరే రకమైనా సాల్మొనెల్లానే. పరీక్షలో పోయిందని తేలేదాకా పొయ్యి దగ్గరికి రావద్దని ఆరోగ్య కేంద్రం వాళ్లు చెప్పారు. ఆ మాటా నేనే చెప్పాల్సి వచ్చింది. మళ్లీ గొడవ అవుతుందనుకున్నాను.

"గట్లైతే వండ. కూసుంటా" అంది. ఆడవాళ్లు జరిగి ముందు వరసలో చోటిచ్చారు. పెద్దాయన గుర్తు పెట్టుకున్న పుట తెరవబోతే చెయ్యెత్తింది.

"మొదటికెంచి జెప్పు తాతా. పొయ్యికాడ నాకు సగమే ఇనవడేది. కథ ఎట్ల షురువైతదో ఇప్పటిదాంక తెల్వదు."

ఆయన గుర్తు తీసేసి, మొదటి పుటకు తిప్పాడు.