ముప్పై చుట్ల బోల్టు

మా బావ ఒకసారి నాలుగు కప్పు కేకులను వాటి కాగితాలతో సహా తినేశాడు. డిపోలో ఎవరో రిటైరవుతుంటే పంచిపెట్టారు. కాగితం తీసి తినాలని పక్కవాడు చెప్పేలోపే ఈయన చేతులు తుడుచుకుంటున్నాడు. చెప్పాక కాసేపు ఆలోచించి, "అదా సంగతి! ఎక్కడో కాస్త పొడిగా తగిలిందేమిటా అనుకున్నాను" అన్నాడు.

ఆయన గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే ఇంతే: మా బావ తిండి తినేవాడు కాదు, మాయం చేసేవాడు.

మా బావ అంటే మా అక్క భర్త. బస్సు డిపోలో బ్రేకుల మెకానిక్. అదే డిపోలో నేను స్టోరు గుమాస్తాని. ఆయన చెయ్యి పడిన బ్రేకు తొక్కితే బస్సు గీత గీసినట్టు ఆగుతుందని డ్రైవర్లు చెప్పుకుంటారు. ఆ బ్రేకేదో తన నోటికి మాత్రం వేసుకోలేదు. భోజనాల గదిలో మేం డబ్బా మూత తీసేసరికి ఆయన డబ్బా కడుక్కుని వచ్చేవాడు. పెళ్లయిన కొత్తలో మా అక్క వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి తిరిగి చూస్తే ఖాళీ పళ్లెం కనిపించేదట. అసలు వడ్డించానా లేదా అని తనమీద తనకే అనుమానం వచ్చి మళ్లీ వడ్డించేదట.

"మీ బావ నూట ముప్పై ఎనిమిది కిలోలయింది ఆకలితో కాదురా, నా మతిమరుపుతో" అంటుంది ఇప్పటికీ.

ఆ బరువుతోనే ఒకరోజు బస్సు కిందికి దూరాడు. బయటికి రావడం కుదరలేదు. జాకీలు పెట్టి బస్సును మరో జానెడు ఎత్తాం. "బాగు చేయడానికి బస్సును ఎత్తడం చూశాను గానీ, మెకానిక్‌ను తీయడానికి ఎత్తడం ఇదే మొదలయ్యా" అన్నాడు ఫోర్‌మన్. ఆ మాట ఎక్కడ తగిలిందో ఏమో, రెండు నెలల్లో బావ బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాడు. పొట్ట కోసి, అరటిపండంత మిగిల్చారు.

డిశ్చార్జి రోజున డైటీషియనమ్మ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "చిన్న చెంచాతో తినండి. ముద్దకీ ముద్దకీ మధ్య చెంచా కింద పెట్టండి. ఒక్కో ముద్ద ముప్పైసార్లు నమలండి."

"ముప్పైసార్లా తల్లీ! పుట్టిన దగ్గర్నుంచీ నేను నమిలినవన్నీ కలిపినా ముప్పై కావేమో."

ఆవిడ నవ్వలేదు. "తొందరపడితే మీకే తెలుస్తుంది."

తెలిసింది. గట్టి పదార్థాలు మొదలెట్టిన మూడో రోజున అర గుడ్డును పాత పద్ధతిలో మాయం చేశాడు. గుండె పట్టుకుని, చెమటలు కక్కుతూ గంటసేపు సింకు దగ్గరే నిలబడ్డాడు. ఆ తర్వాత పళ్లెం తెస్తే ఇన్స్పెక్టరు వచ్చినట్టు లేచి నిలబడేవాడు. నమలడానికి మనసుంది, దవడకే అలవాటు లేదు. ఏడు లెక్కపెట్టేసరికి ముద్ద దానంతటది జారిపోయేది.

డ్యూటీలో చేరిన రోజే నా స్టోరు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్, సరిగ్గా ముప్పై చుట్లకు నట్టు చివరికి చేరే బోల్టొకటి తియ్యరా."

"ఏ బస్సుకు బావా?"

"బస్సుకు కాదు, నాకు."

స్టోరు కాగితంలో 'ఏ భాగానికి' అన్నచోట తడుముకోకుండా 'దవడ' అని రాసి సంతకం పెట్టాడు.

ఆనాటి నుంచి మా భోజనాల గదికి కొత్త యంత్రం వచ్చినట్టయింది. ఒక చెంచా నోట్లో పెట్టుకోవడం, చెంచా దించడం, బోల్టు అందుకోవడం. నట్టు ఒక చుట్టు, దవడ ఒక చుట్టు. నట్టు చివరికి చేరితేనే ముద్ద గొంతు దిగాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చూపుడువేలు పైకి లేస్తుంది.

ఒకరోజు ఫోర్‌మన్ గుమ్మంలోంచే అడిగాడు. "పన్నెండో నంబరు బస్సు రెడీయేనా?"

వేలు లేచింది. గదిలో అందరి కళ్లూ నట్టుమీదే. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. బావ మింగాడు.

"లేదు సార్."

"ఒక్క 'లేదు' కోసం ఇంతసేపు నిలబెట్టావా!"

అయినా ఫోర్‌మన్ చెడ్డవాడు కాదు. భోజనానికి అందరికీ అరగంటైతే బావకు ఇంకో అరగంట కలిపి ఇచ్చాడు. సాయంత్రం అంతసేపూ ఉండి పని చేయాలన్నది షరతు.

ఏడాది తిరిగేసరికి బావ తొంభై కిలోలకు దిగాడు. దవడ దారిలో పడింది, ఇక లెక్క అక్కర్లేదంది డైటీషియనమ్మ. బావ తన పూటకు సరిపడే ఆరు చెంచాలూ నిదానంగానే తిని, అందరితో పాటే లేచి వచ్చేవాడు. బోల్టు పనిముట్ల పెట్టె అడుక్కి చేరింది.

అప్పుడే సీట్ల టైలర్ తిరిగొచ్చాడు. బస్సు సీట్లకు గుడ్డలు కుట్టే ఆయనా, బావా ఒకే రోజున ఉద్యోగంలో చేరినవాళ్లు. పక్షవాతం వచ్చి ఆరు నెలలు ఇంట్లో ఉన్నాడు. చేతులు పూర్తిగా తేరుకున్నాయి. మూతి కుడి పక్క మాత్రం మాట వినడం లేదు. పెట్టుకున్న ముద్దలో కాస్త బయటికి వచ్చేస్తుంది, తుడుచుకోవాలి, మళ్లీ పెట్టుకోవాలి. డబ్బా ఖాళీ కావడానికి గంట పడుతుంది.

మొదటి రోజు అరగంటకు గది ఖాళీ అయింది, ఆయన డబ్బా కాలేదు. రెండో రోజు పాత సీట్ల గుట్ట వెనక్కి వెళ్లి తిన్నాడు. మూడో రోజు నా కిటికీలో కత్తెర పెట్టాడు.

"జమ చేసుకో తమ్ముడూ. రేపట్నుంచి రాను."

"అదేంటన్నా, చేతులు బాగానే ఉన్నాయిగా?"

"చేతులకేం! అందరూ లేచిపోయాక, ఒక్కణ్ణే మూతి తుడుచుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు."

వారం ఆగమని బతిమాలి, కత్తెర నా దగ్గరే ఉంచుకున్నాను. సంగతి బావకు చెప్పాను. మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గరున్నాడు.

"ఒరేయ్, అరవై చుట్ల బోల్టుందా?"

ఏ భాగానికంటే మళ్లీ దవడే! ఆ మధ్యాహ్నం నుంచి అందరూ లేచినా బావ లేవడం మానేశాడు. పాత జబ్బు తిరగబెట్టిందని అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, బావ గంటసేపు తింటున్నాడే! అరవైసార్లు నములుతున్నాడు."

"నీ మొహం! ఇంట్లో పావుగంటలో లేచిపోతుంటేను. ఆ బోల్టు ముఖం చూసి ఎన్నాళ్లయిందని!"

మర్నాడు అందరూ వెళ్లిపోయాక భోజనాల గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. బల్లకు అటు టైలర్, ఇటు బావ. బావ డబ్బా కడిగినట్టు ఖాళీగా ఉంది. దవడ మాత్రం ఆడుతోంది. నట్టు తిరుగుతోంది.

"ఏరా, ఎవరో తరుముతున్నట్టు ఆ తొందరేంటి? నాకోసం ఆగలేవా?" అని బావ కసురుతున్నాడు.

"నీ నట్టు ఎందాకా వచ్చింది?" అన్నాడు టైలర్, మూతి తుడుచుకుంటూ.

"ఇంకా సగమే."

"సరే కానీ, నాకూ సగముంది."

వారం తిరక్కముందే టైలర్ వచ్చి కత్తెర తీసుకున్నాడు. ఉండబట్టలేక అడిగాను. "అన్నా, బావ డబ్బా..."

"ఖాళీ అని మొదటి రోజే చూశాను" అన్నాడు, ఎడమ పక్కతో నవ్వుతూ. "చెబితే సిగ్గుపడతాడు పాపం. నువ్వూ అనకు."

నేను అనలేదు. అన్నది ఫోర్‌మన్. నాలుగు బస్సులు బ్రేకుల కోసం వరసగా ఆగి ఉన్న రోజున విసురుగా గదిలోకి వచ్చాడు. టైలర్‌కు ఇంకా నాలుగు ముద్దలున్నాయి. ఫోర్‌మన్ బావ డబ్బాలోకి వంగి చూశాడు, డబ్బా వంచి మరీ చూశాడు.

"ఏమయ్యా, మెతుకు లేదు, ముక్క లేదు! గంట నుంచి ఏం నములుతున్నావ్?"

వేలు లేచింది. నట్టు నింపాదిగా చివరిదాకా వెళ్లింది. బావ లేని ముద్దను జాగ్రత్తగా మింగాడు.

"నిదానంగా నమలమంది సార్ డైటీషియనమ్మ, నోట్లో ఏదో ఒకటి ఉండాలని చెప్పలేదు."