విడాకుల నకలు

మా అమ్మ నా విడాకుల డిక్రీని పొయ్యిలో పెట్టిందని నాకు తెలిసేనాటికి అది బూడిదై ఏడాది దాటింది.

ఆ రోజు నేను ఊరికి వెళ్ళింది ఆ కాగితం కోసమే. మాది ప్రత్తిపాడుకు దగ్గర్లో ఒక పల్లె. నేను గుంటూరులో అద్దె గదిలో ఉంటూ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా పనిచేసే ఒకాయన నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. భార్య జబ్బు చేసి పోయింది ఆయనకు. బాగా ఆలోచించుకుని సరేనన్నాను. పందిరీ మేళాలూ వద్దు, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చాలనుకున్నాం. అక్కడ ఆయన్ని భార్య మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు, నన్ను విడాకుల డిక్రీ తెమ్మన్నారు. ఆయన మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి ఆ వారంలోనే తన కాగితం తెచ్చుకున్నాడు. నాదేముంది, అమ్మ దగ్గర ట్రంకు పెట్టెలోనే ఉంది గదా అనుకున్నాను.

పెట్టె మొత్తం బయట పోసి వెతికినా దొరకలేదు. అమ్మ కల్లంలో మిరపకాయలు తిరగేస్తోంది. వెళ్ళి అడిగాను.

"అమ్మా, నా కోర్టు కాగితం ఏదీ?"

"ఏం కాగితం?"

"విడాకుల కాగితం. పెట్టె అడుగున పెట్టాను గదా."

అమ్మ తలెత్తలేదు. "తీసి పొయ్యిలో పెట్టా."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"తమ్ముడికి సంబంధం చూడ్డానికి పిల్ల తరపోళ్ళు వచ్చినప్పుడు పెట్టా. ఇల్లంతా తిరిగి చూశారు ఆళ్ళు. ఎవురి కంటన్నా పడితే ఏం చెప్పమంటావు? పత్తికట్టెతో పాటు అదీ పోయింది. పోనీయ్, ఇంక దాంతో నీకేం పని?"

ఏం పని! ఆ కాగితం కోసం నేను ఏళ్ళ తరబడి బస్సులెక్కాను. పెళ్ళయిన ఊరు ప్రకాశం జిల్లాలో ఉంది. కేసు అక్కడే వేయాలని లాయరుగారు చెప్పడంతో వాయిదా పడినప్పుడల్లా అంత దూరం వెళ్ళేదాన్ని. కోర్టు వరండాలో ఆ మనిషి తన స్నేహితులతో నిలబడి నన్ను చూసి నవ్వేవాడు. నా ముంజేయి విరగ్గొట్టిన మనిషి. కట్టు కట్టించుకుని పుట్టింటికి వస్తే, కట్టు విప్పగానే తిరిగి వెళ్ళి సర్దుకుపొమ్మన్నది ఈ అమ్మే. కేసు ఇంకా నడుస్తుండగానే వాడు పక్క ఊళ్ళో ఇంకో పిల్లను చేసుకున్నాడు. ఊరందరికీ భోజనాలు పెట్టాడు. మొదటి పెళ్ళి సంగతేమిటని, కాగితమేదని వాణ్ణి ఒక్కరూ అడగలేదు. వాడికి అడ్డం రాని కాగితం నాకు మాత్రం అడ్డం నిలబడింది. దాన్ని కాల్చింది వాడు కాదు, మా అమ్మ.

కల్లంలో నేను అరిచిన అరుపులకు పక్క చేలో కూలీలు కోత ఆపి చూశారు. అమ్మ మాత్రం మిరపకాయలు తిరగేస్తూనే ఉంది.

మర్నాడు బడికి సెలవు పెట్టి, ఆ కోర్టు ఉన్న పట్టణానికి వెళ్ళాను. దాని పేరు రాయను. మా లాయరుగారు చనిపోయారు. వాళ్ళ అబ్బాయి మందుల షాపు పెట్టుకున్నాడు, ఫైళ్ళన్నీ పాత కాగితాలవాడికి వేసేశామన్నాడు. నేరుగా కోర్టుకే వెళ్ళి, వెనక వైపున్న నకళ్ళ విభాగంలో నిలబడ్డాను. కిటికీ అవతల గుమాస్తా నా వైపు చూడకుండానే, "కేసు నంబరు?" అన్నాడు.

"నంబరు గుర్తులేదండీ. పేర్లు చెబుతాను, ఏ సంవత్సరమో చెబుతాను."

"నంబరు లేకుండా ఎక్కడని వెతకమంటారు? మీ ఆయన్ని అడగండి. ఆయన దగ్గర ఒక కాపీ ఉంటది గదా."

"ఆయన మా ఆయన కాదండీ. విడాకుల కాగితమే నేనడిగేది."

"అదేలే. ఆయన్నే అడగండి."

వాడి ఇంటి గుమ్మంలోకి వెళ్ళి, నువ్వు నాకు ఏమీ కావని రాసిచ్చిన కాగితం నాకు కాస్త ఇవ్వు అని అడగాలట. నేను కదల్లేదు. వెనక నిలబడ్డవాళ్ళు తోసుకుంటున్నా కదల్లేదు. మధ్యాహ్నం దాటాక సూపరింటెండెంటు దగ్గరకు వెళ్ళి అడిగితే, ఇద్దరి పేర్లూ సంవత్సరమూ వేసి రిజిస్టరులో వెతకమని అర్జీ పెట్టుకోవచ్చని, నంబరు దొరికాక నకలుకు ఇంకో అర్జీ పెట్టాలని చెప్పాడు. కిటికీ దగ్గరకు తిరిగొచ్చి, "ఇది మీరే చెప్పొచ్చు గదండీ," అన్నాను.

"మీరు అడగలేదు గదా," అన్నాడు గుమాస్తా.

వెతకమని అర్జీ పెట్టి వచ్చి, మళ్ళీ వెళ్ళేసరికి నంబరు దొరికింది. నకలు అర్జీలో నా పేరు, మా నాన్న పేరు రాసిచ్చాను. గుమాస్తా చూసి వెనక్కి తోశాడు.

"రికార్డులో ఎట్టా ఉందో అట్టా రాయాలమ్మా. ఫలానా ఆయన భార్య అని ఉంది ఇందులో. అట్టాగే రాయి."

"నేను అతని భార్యను కాదని తీర్పిచ్చిన కాగితమే గదండీ అది."

"తీర్పుతో నాకేం పనమ్మా? పేరు కలవకపోతే అర్జీ కొట్టేస్తారు. నీ ఇష్టం."

రాశాను. ఆ మనిషి పేరు నా చేత్తో రాసి, పక్కన భార్య అని రాశాను. పెన్ను గట్టిగా నొక్కితే కాగితం చిరిగింది, ఇంకో కాగితం తీసుకుని మళ్ళీ రాశాను. కారణం దగ్గర 'సొంత అవసరం' అని వేశాను. గుమాస్తా అది చదివి, "సెకండ్ మ్యారేజీయా?" అని నవ్వాడు. పక్క బల్ల దగ్గరవాడూ నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది. "మీ అర్జీలో ఆ ప్రశ్న ఉందా? ఉంటే చూపించండి, జవాబు రాస్తాను," అన్నాను. నవ్వు ఆగింది గాని, నా అర్జీ ఆ కట్టలో అన్నిటికంటే అడుగుకు వెళ్ళడం నా కళ్ళారా చూశాను.

నకలుకు ఎన్ని స్టాంపులు కావాలో లెక్కవేసి నోటీసు బోర్డు మీద అంటిస్తారు. అది చూసుకుని గడువులోగా కట్టాలి, లేకపోతే అర్జీ కొట్టేస్తారు. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. కబురు వస్తుందని గుంటూరులో ఎదురుచూశాను. రాకపోయేసరికి వెళ్ళి అడిగితే, కొట్టేశామన్నారు.

"గుంటూరులో ఉండేదాన్ని, ఇక్కడి బోర్డు రోజూ ఎట్లా చూసేదండీ?"

"చూసుకోవాలమ్మా. అందరూ చూసుకోవట్లా?"

మళ్ళీ అర్జీ. మళ్ళీ ఫలానావారి భార్యను. బడిలో హెడ్మాస్టరు సెలవు ఇవ్వనని ముఖం మీదే చెప్పాడు. ఆ రోజుకు జీతం కోసుకోమని చెప్పి బయల్దేరాను. ఈసారి నన్ను చేసుకోబోయే ఆయన కూడా వస్తానన్నాడు. వచ్చాడు. అదే కిటికీ, అదే గుమాస్తా. ఆయన్ని చూడగానే, "రండి సార్, లోపలికి రండి, కూర్చోండి," అన్నాడు. నేను అడిగిన ప్రతిదానికీ జవాబు ఆయనకే చెప్పాడు. బోర్డు ఎప్పుడు పెడతారో చెప్పాడు, ఎవర్ని కలవాలో చెప్పాడు. నేను అన్నాళ్ళూ నిలబడిన చోటనే నిలబడి ఉన్నాను. చివరికి ఆయనే లేచి, "కాగితం ఆమెది. ఆమెకు చెప్పండి," అన్నాడు. గుమాస్తా ఇబ్బందిగా నవ్వాడు, కుర్చీ మాత్రం నాకు వేయలేదు. బయటికొచ్చాక ఆయన మీద కూడా కోపమొచ్చింది. ఏం తప్పు చేశాడని అడిగితే చెప్పలేను. ఇంకెప్పుడూ నాతో రావద్దన్నాను. రాలేదు.

ఆ తర్వాత గడువు తెలుసుకుని వెళ్ళి స్టాంపులు కట్టాను. నకలు తీసుకునే రోజున ముద్రలూ సంతకాలూ అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో కిటికీ దగ్గరే నిలబడి చూసుకున్నాను. "తొందరగా కానీయమ్మా," అన్నాడు గుమాస్తా. చివరి పేజీ దాకా చదివాకే కదిలాను.

ఆ సాయంత్రం గుంటూరుకు కాకుండా ఊరికి వెళ్ళాను. నకలు అమ్మకు చూపించాలని ఉంది. ఎందుకని అడిగితే, ఆవిడ మొహం మీదికి విసరాలని. అమ్మ ఇంట్లో లేదు. ఆ సంబంధమే కుదిరి మా ఇంటికొచ్చిన తమ్ముడి పెళ్ళాం మంచినీళ్ళిచ్చి, నా చేతిలో కాగితం చూసి, ఏంటది వదినా అంది. చెప్పాను. అమ్మ మొదటిదాన్ని కాల్చిన సంగతి, ఎందుకు కాల్చిందో కూడా చెప్పేశాను. తెలిస్తే తెలియనీ అనిపించింది.

ఆ పిల్ల నోరు తెరుచుకుని చూసింది. "మా కోసమా? అయ్యో వదినా, మాకు ముందే తెలుసు. మీ సంగతి మా నాన్న విచారించకుండా సంబంధం ఎట్లా కలుపుకుంటాడు? మీ తప్పేం లేదని అప్పుడే చెప్పుకున్నాం."

అమ్మ వచ్చేదాకా వాకిట్లోనే కూర్చున్నాను. రాగానే అడిగాను.

"వాళ్ళకు ముందే తెలుసంట. మరి ఎందుకు కాల్చావు?"

అమ్మ కోడలి వైపు చూసింది, నా వైపు చూసింది. నెత్తిన ఉన్న గంప దించింది.

"తెలిస్తే తెలిసింది. ఆ కాగితం నాకు చూడబుద్ధి కాలా. పెట్టె తీసినప్పుడల్లా అదే కనపడతా ఉంది."

"నీకు చూడబుద్ధి కాకపోతే నాకివ్వాల్సింది."

"ఇస్తే ఏం చేసుకుంటావు? గోడకు తగిలిచ్చుకుంటావా?"

"అవును, తగిలించుకుంటాను. నా చెయ్యి విరిగినప్పుడు నువ్వు చూశావు గదా, అది చూడబుద్ధయిందా నీకు?"

అమ్మ కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి దగ్గరకు వెళ్ళిపోయింది. నేను ఆఖరి బస్సుకు బయల్దేరాను. తమ్ముడి పెళ్ళాం రోడ్డు దాకా వచ్చి, పెళ్ళెప్పుడని అడిగింది.

రిజిస్ట్రారు ఆఫీసులో అధికారి నకలు అందుకుని మొదటి పేజీ చూశాడు, చివరి ముద్ర చూశాడు, ఫైల్లో పెట్టేశాడు. ఆ ఒక్క చూపు కోసం నేను ఎంత తిరిగానో ఆయనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. సాక్షి సంతకానికి తమ్ముడి పెళ్ళాం వచ్చింది, పట్టుచీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని. అమ్మ రాలేదు. చేలో కోతలున్నాయని చెప్పి పంపింది.

తర్వాత ఎప్పుడో మా ఇంటికొచ్చింది. అన్నం తిని, వంటిల్లు చూసి, డబ్బాలో కారం పోసి వెళ్ళింది. ఆ కాగితం మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కోపం తగ్గిందా అని మా ఆయన అప్పుడప్పుడూ అడుగుతాడు. తగ్గలేదని చెబుతాను. తగ్గాల్సిన అవసరం కూడా నాకు కనపడలేదు.