రుజువుగారి ఫైలు తెరుచుకోలేదు

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది. కుర్చీల కంపెనీలో చేరిన కొద్ది నెలలకే అది కాస్తా అరిగిపోయి, రుజువుగారు అన్నది మిగిలింది. సరుకు బయటికి పంపే విభాగానికి ఆయన అధికారి. ఏ కుర్చీ ఏ లారీ ఎక్కాలో, ఎవరి గుమ్మంలో ఎప్పుడు దిగాలో చూడటం ఆయన ఉద్యోగం. ఆయన వృత్తి మాత్రం వేరు. కంపెనీలో ఎవరైనా పొరపాటున "నేనలా అనలేదే" అన్నారంటే చాలు, రుజువుగారి ముఖంలో వెయ్యి దీపాలు వెలిగేవి. కళ్ళజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని, "నా దగ్గర మెయిలుంది" అనేవారు. అవతలివాడు మాట నోట్లోనే మింగేసి, టీ నెపం మీద అక్కణ్ణుంచి జారుకునేవాడు.

ఉన్నమాట చెప్పాలి, ఆయన దగ్గర నిజంగానే మెయిలుండేది. పనికిరాని మెయిలంటూ ఒకటుంటుందని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. లిఫ్టు పాడైందన్న మెయిలు, బాగైందన్న మెయిలు, మళ్ళీ పాడైందన్న మెయిలు, మిగతావాళ్ళు ఎప్పటికప్పుడు చెరిపేసేవన్నీ ఆయన భద్రంగా దాచారు. ఎవరిదో పుట్టినరోజు కేకు మూడో అంతస్తులో ఉంది, వచ్చి తినండి అన్న మెయిలు కూడా ఉంది. ఆ కేకు కోసినాయన రిటైరైపోయాడు.

ఈ సంపదంతా ఆయన కంప్యూటర్లో ఒకే ఒక్క ఫైలుగా కూర్చుని, ఏటికేడు ఒళ్ళు చేస్తూ వచ్చింది. ఫైలు మరీ బరువెక్కింది, కొంత తీసేయండి అని కంప్యూటర్ అప్పుడప్పుడు మొత్తుకునేది. ఓర్వలేనివాళ్ళ మాటలు పట్టించుకునే అలవాటు రుజువుగారికి లేదు.

ఇంట్లోనూ ఇదే వరస. భార్య మందుల దుకాణంలో పనిచేసేది. మధ్యాహ్నం ఎవరికో దగ్గుమందు ఇస్తూ ఉంటే ఆమె ఫోను టింగుమనేది. విషయం: బాల్కనీ తలుపు గొళ్ళెం గురించి నిన్న రాత్రి జరిగిన చర్చ. కింద ఎవరేమన్నారో, చివరికి ఏం తేలిందో పూర్తి వివరం. ఆమె ఒక్క ముక్క జవాబిచ్చేది: "మీ ఇష్టం." ఆ ముక్కనూ ఆయన దాచుకునేవారు.

ఒకరోజు పొద్దున రుజువుగారు ఆఫీసుకు వచ్చి, కుర్చీలో స్థిరపడి, మెయిలు తెరవబోయారు. తెరుచుకోలేదు. ఫైలు చదవడానికి వీల్లేకుండా ఉందని తెర మీద ఒక వాక్యం కనిపించింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. తమ సొంత కంప్యూటరే "నేనలా అనలేదే" అన్నట్టు అనిపించింది.

కంప్యూటర్లు చూసే అబ్బాయిని పిలిచారు. అతన్ని అందరూ రీస్టార్ట్ అంటారు, ఎందుకంటే అతనికి తెలిసిన వైద్యం అదొక్కటే. అతను ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. లాభం లేకపోయేసరికి, మెయిలు ప్రోగ్రాముతో పాటే వచ్చే మరమ్మత్తు పనిముట్టు ఒకటుంటుందని, దాన్ని నడపమని చెప్పి, ఇంకో అంతస్తులో ఇంకో రీస్టార్ట్ పనుందని వెళ్ళిపోయాడు.

రుజువుగారు దాన్ని నడిపారు. మొదలుపెట్టే ముందు అది మర్యాదగా, ఎందుకైనా మంచిది ఒక నకలు తీసి పెట్టనా అని అడిగింది. డిస్కులో జాగా లేదు. జాగా అంతా ఆ ఫైలే మింగింది. అక్కర్లేదన్నారు. ఆకుపచ్చ గీత మెల్లగా పాక్కుంటూ చివరిదాకా వెళ్ళింది. మరమ్మత్తు పూర్తయిందని శుభవార్త వచ్చింది. తెరిచి చూస్తే ఫోల్డర్లన్నీ ఉన్నాయి, సగానికి సగం ఖాళీగా. ఇంకోసారి నడిపారు. ఇంకొంచెం ఖాళీ అయింది. మధ్యాహ్నందాకా నడుపుతూనే ఉన్నారు. నడిపిన ప్రతిసారీ ఫైలు చిక్కిపోతూ ఉంటే, రోగం తగ్గుతోంది కాబోలనుకున్నారు. సాయంత్రానికి ఫైలు పూర్తి ఆరోగ్యంతో ఉంది. లోపల ఏమీ లేదు.

ఆ వార్త ఆఫీసంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. రుజువుగారే కంపెనీ మొత్తానికి మెయిలు పెట్టారు. మర్నాటినుంచి మనుషుల నడకే మారిపోయింది. ఏళ్ళతరబడి తల వంచుకుని తిరిగినవాళ్ళు ఎదురొచ్చి పలకరించారు. కొనుగోళ్ళ విభాగం అధికారి అయితే స్వయంగా వచ్చి, భుజం మీద చెయ్యేసి, "అయ్యో పాపం, మొత్తం పోయిందటగా? ఒక్కటి కూడా మిగల్లేదా? గట్టిగా వెతికారా?" అని మూడు రకాలుగా అడిగి, నిజంగానే ఏమీ లేదని రూఢి చేసుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

సరిగ్గా ఆ వారమే కుర్చీల గొడవ వచ్చింది. ఒక వృద్ధాశ్రమంవాళ్ళు చేతులున్న కుర్చీలు కావాలన్నారు. చేతుల్లేనివి వెళ్ళాయి. వాటిలో కూర్చున్న పెద్దవాళ్ళు పట్టుకోవడానికి ఏమీ లేక లేవలేకపోతున్నారట. కూర్చోబెట్టినవాళ్ళే వచ్చి లేపాల్సి వస్తోందట. మేనేజరు ఇద్దరినీ పిలిచాడు.

"చేతుల్లేకుండా పంపమన్నదెవరు?"

"వీరే సార్," అన్నాడు కొనుగోళ్ళ అధికారి, కుండబద్దలు కొట్టినట్టు.

"నేనా! నా దగ్గర మెయి..." అని రుజువుగారు అక్కడే ఆగిపోయారు.

"శుక్రవారం మళ్ళీ కూర్చుందాం. ఎవరి దగ్గర ఏముంటే అది పట్టుకురండి," అన్నాడు మేనేజరు.

ఇంటికి వచ్చి రుజువుగారు అన్నం కూడా సరిగ్గా తినలేదు. భార్య కంచం తీస్తూ, "అక్క దగ్గరికి తీసుకెళ్ళొచ్చుగా. ఆవిడ చేసేది అదేగా?" అంది.

అక్క అంటే ఆమె తోటికోడలు, రుజువుగారి అన్న భార్య. తాళాలు బాగుచేసే కొట్టు పైన చిన్న గది అద్దెకు తీసుకుని, పాడైన డిస్కుల్లోంచి పోయిన ఫోటోలూ లెక్కలూ మెయిళ్ళూ వెలికితీస్తూ ఉంటుంది. ఊరివాళ్ళంతా ఆమె దగ్గరికి వెళ్తారు గానీ మరిది మాత్రం ఆ మెట్లెక్కలేదు. కారణం ఉంది. ఒకప్పుడు వీళ్ళింటి నిచ్చెన పట్టుకెళ్ళి తిరిగివ్వడం ఆలస్యమైందని, ఈయన ఆమెకు అంశాలవారీగా ఒక మెయిలు పంపారు. దానికి జవాబు రాలేదు. నిచ్చెనా రాలేదు.

"వదిన నన్ను చూసి నవ్వుతుందే."

"నవ్వనివ్వండి. నవ్వి బాగుచేస్తుంది. ఆఫీసువాళ్ళు ఊరికే నవ్వుతున్నారు."

మర్నాడు ఆయన కంప్యూటర్ని సంకనేసుకుని మెట్లెక్కారు. వదిన కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"ఏమయ్యా మరిదీ, దారి తప్పావా? మీటింగు మినిట్స్ రాసుకోవడానికి కాగితం కావాలా?"

"వదినా, ఇప్పుడు ఎగతాళి వద్దు. ఫైలు పోయింది."

"పోతే పోయింది. నువ్వేమైనా చెయ్యి పెట్టావా?"

"మరమ్మత్తు పనిముట్టు నడిపాను."

"నకలు తీసి, దాని మీదేగా?"

రుజువుగారు గోడకున్న క్యాలెండర్ని శ్రద్ధగా చూశారు.

"అసలుదాని మీదే? ఎన్నిసార్లు?"

"బాగయ్యేదాకా."

వదిన తల పట్టుకుంది. "చూడు మరిదీ, చిరిగిన చొక్కా ఇస్తే, చిరుగున్న చోటల్లా కత్తిరించి అవతల పారేసే దర్జీ ఉంటాడే, అలాంటిదది. తనకి అర్థమైంది ఉంచుతుంది, కానిది కోసేస్తుంది. చివరికి కాలరూ నాలుగు గుండీలూ చేతిలో పెట్టి, ఇదిగో, ఎక్కడా చిరుగు లేదు చూసుకోమంటుంది. అబద్ధం కూడా కాదు."

"మరి పారేసిన ముక్కలు?"

"అవి ఇంకా ఆ డిస్కులోనే ఎక్కడో పడుంటాయి. వాటి మీద కొత్తదేమీ రాయకుండా ఉంటే ఏరుకోవచ్చు. ఆ తర్వాత కొత్తగా ఏమైనా రాశావా?"

"ఫైలు పోయిందని మెయిలు పెట్టాను."

"ఎవరికి?"

"కంపెనీ అంతటికీ. తర్వాత సవరణ ఒకటి. సవరణకి వివరణ ఒకటి."

"శభాష్. మిగిలిన దాని మీద మన్ను కూడా నువ్వే పోశావన్నమాట," అని వదిన కంప్యూటర్ మూత విప్పింది. డిస్కు బయటికి తీసి, ముందుగా దాన్ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి దించుకుంది. అసలుదాన్ని సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి మరిదికి అందకుండా తన సంచిలో వేసుకుంది. ఇక నకలులో అడుగునుంచి పైదాకా, ఎక్కడ మెయిలు పోలిక కనిపిస్తే అక్కడ గీకి తీయడం మొదలుపెట్టింది. అలాంటి చోట గీత ఆకుపచ్చగా పాకదు. కాసేపు నడుస్తుంది, ఒక చెడిన చోట మొరాయిస్తుంది, ఆ చోటు దాటించి మళ్ళీ నడపాలి. రుజువుగారు రోజూ ఆఫీసు అవగానే వచ్చి, ప్రసూతి వార్డు బయట తండ్రిలా అటూ ఇటూ తిరిగారు.

గురువారం సాయంత్రం వదిన పిలిచింది. "సగానికి పైగా దొరికాయి. కానీ ఒక్క తిరకాసు ఉంది."

చాలా వాటికి లోపలి మాట ఉంది గానీ తల లేదు. ఎవరు పంపారో లేదు, ఎవరికో లేదు. తారీఖులన్నీ ఒక్కటే, అదీ రుజువుగారు పుట్టకముందుది. అన్నీ కలిసి ఒకే గుట్ట. ఆయన కూర్చుని చదవసాగారు. సరే. చూద్దాం. అలాగే కానివ్వండి. మీ ఇష్టం. మీ ఇష్టం. మళ్ళీ మీ ఇష్టం.

"వదినా, ఈ మీ ఇష్టం అన్నది మా ఆవిడా, మేనేజరా?"

"మా చెల్లెలైతే దానర్థం వద్దని. మేనేజరైతే తప్పు నీ నెత్తినేసుకోమని."

"కొనుగోళ్ళాయనైతే?"

"నువ్వు రాసింది చదవలేదని."

రుజువుగారికి నవ్వు రాలేదు. ఇన్నేళ్ళ సాక్ష్యాధారాల్లో మూడొంతులు ఈ రెండు మాటలేనని అప్పుడే కనిపించింది. అయినా చదువుతూ పోయారు, చీకటి పడుతుండగా ఎగిరి గంతేశారు. కుర్చీల మెయిలు దొరికింది.

శుక్రవారం ఆయన కొత్త చొక్కా వేసుకుని మేనేజరు గదిలోకి వెళ్ళారు. కాగితం మడత విప్పి, నిలబడి, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ చదివారు.

"చేతులు వచ్చువరకు ఆగినచో లారీ ఆలస్యమగును గాన, ప్రస్తుతమునకు చేతులు లేకుండానే కుర్చీలు పంపుటకు ఎట్టి అభ్యంతరము లేదని ఇందుమూలముగా తమ దృష్టికి తేవడమైనది." చదివి, కొనుగోళ్ళ అధికారి వైపు చూశారు. "ఇప్పుడేమంటారు?"

కొనుగోళ్ళ అధికారి మొదట పాలిపోయాడు. తర్వాత ఏదో తట్టినట్టు తల పక్కకి వంచాడు. "ఇంకోసారి చదవండి?"

రుజువుగారు ఆనందంగా ఇంకోసారి చదివారు.

"ఇందుమూలముగా అని మన ఆఫీసులో రాసేదెవరండీ?"

"చాలామంది రాస్తారు."

"పోయిన నెల లిఫ్టు ఆగిందని మీరే పంపారుగా రుజువుగారూ, ఇందుమూలముగా తెలియజేయడమైనది అని. నేను రాసుంటే, పంపెయ్యండి అని ఊరుకునేవాణ్ణి. మీ మెయిళ్ళకి నేనెప్పుడైనా రెండో ముక్క రాశానా?"

మేనేజరు మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపాడు. రుజువుగారు చేతిలో కాగితం మళ్ళీ చూసుకున్నారు. రికార్డు చేసిన తమ గొంతు తామే విని ఎవరిదో అనుకునేవాళ్ళుంటారు. కాసేపటికి పోలిక తెలుస్తుంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నాదే," అన్నారు.

మేనేజరు గ్లాసు కింద పెట్టి, "రేపు చేతులు వెళ్తున్నాయి. వడ్రంగితో పాటు మీరూ వెళ్ళండి. దగ్గరుండి బిగించి రండి," అని ఇంకో ఫైలు ముందుకు లాక్కున్నాడు.

ఆశ్రమంలో పొడుగాటి హాలు, కిటికీల వెంట వరసగా కుర్చీలు. వడ్రంగి పనిముట్లు పరుస్తూ ఉంటే, చివరి కుర్చీలోంచి ఒక రిటైర్డు నర్సు గట్టిగా అడిగింది.

"ఈ కుర్చీలకి చేతులు పీకేసింది నువ్వేనా?"

రుజువుగారి నోట్లో మూడు సమాధానాలు క్యూ కట్టాయి: చేతులు రావడం ఆలస్యమైందని, లారీ ఆగదని, అభ్యంతరం లేదన్నానే తప్ప పంపమనలేదని. చూపించడానికి కాగితం లేదు, ఉన్న ఒక్కటీ తనకే వ్యతిరేకం.

"అవునమ్మా, నేనే."

"పదిరోజుల్నించీ బాత్రూముకి వెళ్ళాలంటే ఎవర్నో కేకేయాల్సి వస్తోంది. నువ్వైతే వేస్తావా కేకలు?"

"ఇంకెప్పుడూ ఇలా జరగదమ్మా. కావాలంటే రాసిస్తాను."

"రాసిస్తే ఆ కాగితం పట్టుకుని లేవమంటావా? గట్టిగా బిగించు నాయనా."

ఆయన కోటు తీసి కిటికీ మీద వేశారు. వడ్రంగి మరలు తిప్పుతూ ఉంటే, కింద మోకాళ్ళ మీద కూర్చుని కుర్చీ కదలకుండా పట్టుకున్నారు. తర్వాత ఒక స్క్రూడ్రైవరు తీసుకుని తామే తిప్పడం మొదలుపెట్టారు, వంకరగా. వడ్రంగి ఆయన బిగించినవన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. నర్సమ్మ చేతుల మీద బరువు మోపి లేచింది. మళ్ళీ కూర్చుంది. నమ్మకం కుదరక మళ్ళీ లేచింది. "ఊఁ, పర్లేదు," అని ఎవరి సాయమూ లేకుండా బాత్రూము వైపు నడిచింది.

ఆ తర్వాత వారం వదిన ఫోన్ చేసింది. "నీ గుట్ట నా డిస్కులో తిష్ఠ వేసింది. పట్టుకెళ్తావా, తుడిచేయనా?"

"తుడిచెయ్యి వదినా," అన్నారు రుజువుగారు. ఫోను పెట్టేయబోయి, "అన్నీ వద్దులే, సగం ఉంచు," అన్నారు.

"ఏ సగం?"

ఆ ప్రశ్నకి జవాబు తేల్చడానికి ఆయన ఆదివారం పొద్దున్నే ఆ మెట్లెక్కారు. మధ్యాహ్నానికి భార్య కూడా వచ్చి పక్కన కుర్చీ లాక్కుంది. కేకు మెయిలు దగ్గర ఆగి, "ఇదెవరి కేకండీ? బాగుందా?" అని అడిగింది. గుర్తులేదన్నారు రుజువుగారు. వదిన ముగ్గురికీ టీ కలపడానికి లేచింది.