పైనుంచా, కిందనుంచా?

గిరగిరా తిరిగే రసాయనాల డ్రమ్ములో ద్రవం ఎటు పారుతుందో కంప్యూటర్లో చూపించగల మనిషికి, మంచినీళ్ళ సీసా మూత ఎటు తిప్పాలో ఎందుకు తెలియదు? ఆయనకే ఇప్పటికీ అంతు చిక్కలేదు. రోజూ పొద్దున్నే సీసాతో కుస్తీ పడతాడు. మూత ఇంకా బిగుసుకుంటుంది. "పైనుంచి చూసి తిప్పండి మహానుభావా! కింద పడుకుని చూస్తున్నారా ఏంటి?" అంటుంది భార్య. ఆఫీసులో ఆయన పేరు సుడిగుండం గారు. అందులో ముందు మునిగేది తానేనని ఆయనే నవ్వుతాడు. బట్టతల మీద మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ వేలితో సుడి తిప్పుతూ ఉంటాడు.

ఆవేళ ఆయన లెక్క ప్రకారం షెడ్డులో డ్రమ్ము లోపల ద్రవాన్ని కిందికి నెట్టే రెక్కలు వెల్డింగ్ చేయబోతున్నారు. మీటింగులో తెర మీద ద్రవం పారే దారి చూపే నీలం చారలు అందంగా తిరుగుతున్నాయి. గొంతు తడుపుకుందామని సీసా అందుకున్నాడు. మూత బిగుసుకుంది. భార్య మాట చెవిలో మోగింది. తెర వంక చూసి గతుక్కుమన్నాడు. డ్రమ్మును అడుగునుంచి చూస్తూ రెక్కల వంపు తేల్చేశాడు! అలాగే అతికిస్తే కిందికి దిగాల్సిన ద్రవం పైకి తన్నుకొస్తుంది.

"ఆపించండి. రెక్కలు తిరగేసి పెట్టాలి. తప్పు నాదే."

"మరి ఇన్నాళ్ళూ మాకు చూపించిన బొమ్మల సంగతేంటి?" అన్నాడు మేనేజరు.

"వాటిని అద్దంలో చూడండి సార్, అన్నీ ఒప్పే."

అందరూ పగలబడి నవ్వారు. మేనేజరు వెంటనే వెల్డరుకి ఫోన్ చేసి రెక్కలు ఎడమకి వంచమన్నాడు.

"ఎటునుంచి చూస్తే ఎడమ సార్?" అన్నాడు వెల్డరు.

అడుగుదామని మేనేజరు తలెత్తేసరికి సుడిగుండం గారి కుర్చీ ఖాళీ. తెరుచుకోని సీసా చంకన పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, డ్రమ్మును పైనుంచి చూడడానికి ఆయన వెళ్ళిపోయాడు.