మిరప చేతులు, ఇన్సులిన్ సూది

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది, ఫిబ్రవరి నెల. నకరికల్లు మండలంలోని ఒక పల్లెలో, సబ్‌సెంటర్లో నేను ఏఎన్ఎంగా పని చేస్తున్నాను. ఊరి పేరు రాయను. అక్కడి మనుషులు ఇంకా ఉన్నారు, వాళ్ల గుట్టు వాళ్లది. ఏఎన్ఎం అంటే పెద్దాసుపత్రి వార్డుల్లో కనిపించే స్టాఫ్ నర్సు కాదు. పదో తరగతి తర్వాత పద్దెనిమిది నెలల ట్రైనింగ్ పూర్తి చేసి, సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగే నర్సు. నాకు సాయంగా ఆశా వర్కర్ కోటేశ్వరి ఉండేది. నా పైన సూపర్‌వైజరమ్మ, ఆమె పైన పీహెచ్‌సీ డాక్టరు గారు. బుధవారం, శనివారం పిల్లలకు టీకాలు. మిగతా రోజుల్లో గర్భిణులు, బాలింతలు, టీబీ మాత్రలు, బీపీలు, షుగర్లు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా రిజిస్టరంతా పురుళ్లే. రిటైరయ్యే నాటికి పురుళ్ల పేజీల కంటే షుగరు పేజీలే ఎక్కువయ్యాయి.

ఫిబ్రవరి వచ్చిందంటే ఆ ఊళ్లో అడుగుపెట్టగానే తుమ్ము వచ్చేది. కళ్లాల నిండా ఎండుమిరపకాయలు, రోడ్డు వారగా బస్తాలు. కొత్తగా బదిలీ అయిన ఏడాది ముక్కుకు గుడ్డ కట్టుకుని తిరిగాను. రెండో ఏడాదికి ఆ ఘాటు లేకపోతే ఏదో వెలితిగా ఉండేది. ఇప్పుడు మా వీధిలో ఎవరైనా కారం పట్టించి తెచ్చుకుంటే, ఆ వాసనకే నా ప్రాణం ఆ ఊరి చివర రేకుల షెడ్డు దగ్గరికి పోతుంది.

ఆ షెడ్డు ఒక మిర్చి వ్యాపారిది. పాతికమంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని కాయల తొడిమలు తీసేవాళ్లు. కాయ ఒక పక్కకి, తొడిమ ఒక పక్కకి, నోట్లో మాట మాత్రం ఆగదు. వాళ్లలో ఒకామె కాశింబీ. యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాడు, కొడుకూ కోడలూ చిలకలూరిపేట మిల్లులో పనికి పోయి అక్కడే ఉంటున్నారు. ఈమె ఒక్కతే ఇక్కడ. సంక్రాంతి తర్వాత ఒకనాడు షెడ్డులో బస్తాలు కుట్టే దబ్బనం కుడికాలి బొటనవేలిలో దిగింది. అందరికీ దిగేదే, నాలుగు రోజుల్లో మానేదే. ఈమెకు మానలేదు. వేలు ఉబ్బి, నల్లబడి, చీము పట్టింది. పట్నం ఆసుపత్రిలో చూపిస్తే షుగరు బాగా ఎక్కువగా ఉందన్నారు. పుండు శుభ్రం చేసి, ఇన్సులిన్ రాసి, రెండు వారాల్లో షుగరు దిగి పుండులో ఎర్రటి కొత్త కండ పట్టకపోతే వేలు తీసెయ్యాల్సిందేనని పెద్ద డాక్టరు చెప్పి పంపారు.

వేలు అంటే వేలు ఒక్కటే కాదు ఆమెకి. ఆమె అక్కకి కూడా ఇలాగే మొదలైందట. మొదట వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ఏడాది తిరక్కుండా ఆమె పోయింది. కాశింబీ నాతో ఒకటే మాట అంది. "నర్సమ్మా, నా వేలు మాత్రం పోనీయమాక. అది పోతే నేను వరసగా పోతా."

సూది నేర్పించే పని నా మీద పడింది. ఇంట్లో తనకు తనే ఇన్సులిన్ వేసుకునే మనిషికి మేము నేర్పవలసిన పద్ధతి ఒకటుంది. చేతులు సబ్బుతో కడగాలి. తెల్లగా ఉండే మందు సీసాను కుదపకూడదు, రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించాలి. ఎర్ర మూత సిరంజిలో యూనిట్ల గీత దాకా మందు లాగాలి. బొడ్డుకి రెండు వేళ్ల ఎడంగా పొట్ట చర్మాన్ని మడతలాగా పట్టుకుని గుచ్చాలి. అయిదారు నిమిషాల పని. పొద్దున టిఫినుకి ముందు ఇరవై యూనిట్లు, సాయంత్రం అన్నానికి ముందు పది. ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి సీసాను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టుకోమన్నాను.

నేర్పిన రోజు ఉదయం ఆమె సబ్‌సెంటరుకి వచ్చినప్పుడు చేతులు నూనెతో మెరుస్తున్నాయి. షెడ్డులో ఆడవాళ్లందరికీ అది అలవాటు. పని నుంచి రాగానే ముందు చేతులకి నూనె పట్టించి రుద్దుకుంటారు, ఆ తర్వాతే నీళ్లు. ఆ రోజు పనిలోకి పోయే ముందు కూడా కాస్త రాసుకుని వచ్చింది. నాకు చూడగానే కోపం వచ్చింది. నూనె చేతులతో మందు ముట్టుకుంటావా, సీసా జారి పగిలితే ఎవరిస్తారు, సూది దగ్గర చీము పడితే ఎవరిది పూచీ అని అరిచాను. ఇక నుంచి సూది వేసుకునే ముందు నూనె ఊసే వద్దు, ఒట్టి సబ్బు, ఒట్టి నీళ్లు అన్నాను. అర్థమైందా అని అడిగాను. అయిందమ్మా అంది. నా ఎదుట ఒక్క తప్పు లేకుండా చేసి చూపించింది. రిజిస్టర్లో 'నేర్పడమైనది' అని రాసి సంతకం పెట్టాను.

నాలుగో రోజు ఇంటికి వెళ్లాను. కుండలోంచి సీసా తీసి వెలుతురుకి పెట్టి చూశాను. ఎంత తగ్గాలో అంతే తగ్గింది. నేనెప్పుడూ మాట కంటే ముందు సీసా చూసే మనిషిని. మాట అబద్ధమాడొచ్చు, సీసా ఆడదని మా సీనియర్ చెప్పేది. అంతా బానే ఉందా అన్నాను. కాశింబీ కొంచెం నసిగి, "పొద్దున మందు నాకు పడతంది నర్సమ్మా. సాయంత్రం మందే పడట్లా," అంది.

నాకు నవ్వొచ్చింది. "ఏందే కాశింబీ, ఒకటే సీసా, ఒకటే మందు. దానికి పొద్దూ మాపూ తెలుసుద్దా? గడియారం పెట్టుకుని కూర్చుందా లోపల?"

కోటేశ్వరి పకపకా నవ్వింది. కాశింబీ కూడా నవ్వింది. నవ్వి, నోరు మూసుకుంది. ఇక ఆ ఊసెత్తలేదు.

వారం తిరిగింది. పరగడుపు షుగరు దిగాల్సినంత దిగలేదు. పీహెచ్‌సీ డాక్టరు గారికి చూపిస్తే సీసా లెక్క సరిగ్గా ఉందా అని అడిగారు. ఉందండీ, నేనే చూశానన్నాను. అయితే మోతాదు చాలట్లేదని సాయంత్రం పది యూనిట్లని పదహారు చేశారు. నేను తిరిగొచ్చి కాశింబీకి ఇంకో క్లాసు పీకాను. దొంగచాటుగా టీలో పంచదార వేసుకుంటున్నావు, నీ వాలకం నాకు తెలుసు అన్నాను. ఆమె ఒట్టేసింది. "అల్లా మీద ఆన, పంచదార డబ్బా మూత తీసి చానా రోజులయింది. చీమలు కూడా ఇల్లు ఇడిసి పోయినయి." నేను నమ్మలేదు.

పదో రోజు, గురువారం. కూలీలకి బీపీ చూద్దామని సాయంత్రం నాలుగింటికి షెడ్డుకి పోయాను. తూకం మీద పని కాబట్టి ఎవరూ లేవరు. "బస్తా అయ్యిందాకా ఉండు నర్సమ్మా," అన్నారు. వాళ్లలో పెద్దావిడ సుబ్బాయమ్మ నా వైపు ఒక పీట తోసి, "ఊరికే కూసుంటే నిద్రొస్తది గానీ, నాలుగు తొడిమలు తియ్యి కూతురా. సర్కారు చేతులు ఏం అరగవులే," అంది. ఎంత బాగుండేదో ఆ మాట తీరు. కొడుకుల్ని తిట్టడం, కోడళ్లని ఎక్కిరించడం, మధ్యలో తుమ్ములు, తుమ్ముకో దీవెన. గంటసేపు కూర్చుని వాళ్లతో పాటు నేనూ తీశాను. నా ఉద్యోగం మొత్తంలో అంత హాయిగా గడిచిన సాయంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పని దిగాక కాశింబీతో పాటు ఆమె ఇంటికి నడిచాను. సుబ్బాయమ్మ ఇల్లు పక్కనే కాబట్టి ఆమె కూడా వచ్చి అరుగు మీద కూర్చుంది. ఇవాళ నీకు నేనే వేసి చూపిస్తాను, మళ్లీ ఒకసారి చూడు అన్నాను కాశింబీతో. పద్ధతి ప్రకారం సబ్బు పెట్టి రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. సీసాను అరచేతుల్లో దొర్లించాను. సిరంజిలో పదహారు యూనిట్లు లాగాను. ఎడమ చేత్తో ఆమె పొట్ట చర్మం మడత పట్టుకున్నాను.

ఒక్క క్షణం ఆగి, "అబ్బా! అమ్మో!" అని కాశింబీ మెలికలు తిరిగిపోయింది.

"ఏమే, ఇంకా సూది గుచ్చలేదే!" అన్నాను.

సుబ్బాయమ్మ అరుగు మీద నుంచే, "గుచ్చకముందే ఏడుస్తదేందే ఇది, కాన్పుకి కూడా ఇంత గోల చెయ్యలా," అంది. కాశింబీ కళ్లలో నీళ్లు. "మంట నర్సమ్మా. ఇదే, ఇదే మంట. మందు పోకముందే మండుతంది."

నేను వేళ్లు తీశాను. ఆమె పొట్ట మీద నా వేళ్లు పట్టిన చోట ఎర్రగా కంది ఉంది. అనుమానం వచ్చి నా వేలు నా మెడ మీద రుద్దుకున్నాను. చురుక్కుమంది. నిమిషంలో భగభగా మండింది. రెండుసార్లు సబ్బుతో కడిగిన చేతులవి.

సుబ్బాయమ్మ వచ్చి నా చేతులు పట్టుకుని చూసి నొసలు కొట్టుకుంది. "నూనె రాయకుండా కడిగితే కారం యాడకి పోద్ది కూతురా? నీళ్లకి దిగేదేనా అది? నూనెకే దిగుద్ది. మా చేతులు చూసుకోకుండా మేం బిడ్డని కూడా ఎత్తుకోం."

అప్పుడు అడిగాను కాశింబీని, మొదటిసారి గొంతు తగ్గించి. రోజూ సాయంత్రం ఏం చేస్తున్నావో చెప్పు, నేనేమీ అనను అని. అడిగి ఊరుకున్నాను. ట్రైనింగులో అది చెప్పారు మాకు, ప్రశ్న వేశాక మనం నోరు మూసుకోవాలని. ఇన్నేళ్లలో నేను సరిగ్గా చెయ్యని పని అదొక్కటే. ఆమె చాలాసేపు కొంగు మడత పెడుతూ కూర్చుంది. తర్వాత చెప్పింది. మొదటి మూడు సాయంత్రాలు వేసుకుందట. పొట్టంతా నిప్పు పెట్టినట్టు అయ్యిందట. రాత్రికి చేతుల కారం పోతుంది కాబట్టి పొద్దున అంత మంట లేదు. ఒట్టి సబ్బు చాలని నేనే చెప్పాను కాబట్టి చేతుల మీద అనుమానం రాలేదు, మందే వేడి చేసిందనుకుంది. నాకు చెప్పబోతే నేను నవ్వాను. వేసుకోలేదంటే తిడతాను. అందుకని ఆ నాలుగో రోజు నుంచి ప్రతి సాయంత్రం సిరంజిలోకి మందు లాగి, దొడ్డి గోడ అవతల సుబ్బాయమ్మ వాళ్ల తులసికోట పక్కన పారబోసింది. సీసా తగ్గాలి కదా, నేను చూస్తాను కదా!

"నువ్వు సీసానే నమ్ముతావు గదమ్మా," అంది. వెటకారంగా కాదు, మామూలుగానే అంది.

నా చేతిలో సిరంజి ఇంకా అలాగే ఉంది. అందులో పదహారు యూనిట్లు. ఆ పదహారు, పదీ పనిచెయ్యలేదని పెంచినవి. ఆ పదీ నాలుగో రోజు నుంచి ఒంట్లోకే పోలేదు. కారం లేని చేతులతో ఇప్పుడు పదహారూ ఒక్కసారిగా పోతే షుగరు అమాంతం పడిపోవచ్చు. చెమటలు, వణుకు, స్పృహ తప్పడం. ఇంట్లో ఆమె ఒక్కతే.

సూది పక్కన పెట్టి డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. నూనె వద్దన్నది నేనేనని, ఆమె చెప్పబోతే వినలేదని కూడా చెప్పాను. ఆయన, "అయితే ఈ వారమంతా నేను తులసికోటకి మందు రాశానన్నమాట," అన్నారు. ఆ మాట పడాల్సిందే, పడ్డాను. పాత మోతాదే, పది యూనిట్లే వెయ్యమన్నారు. అన్నం వడ్డించి ఎదురుగా పెట్టుకున్నాకే వెయ్యమన్నారు. రేపు తనే వచ్చి చూస్తానన్నారు.

ఆ సాయంత్రం పాఠం చెప్పింది సుబ్బాయమ్మ. ముందు వేరుశనగ నూనె వేళ్ల సందుల్లో, గోళ్ల కింద రుద్దాలి. పొడిగుడ్డతో గట్టిగా తుడవాలి. అప్పుడు సబ్బు, రెండుసార్లు. నేను సరేనని పక్కన కూర్చుని, సబ్బుతో నూనె జిడ్డు మొత్తం పోవాలి, సీసా మూత కూడా తుడవాలి అని రెండు మాటలు కలిపాను. కాశింబీ తనే వేసుకుంది. వేసుకుని కళ్లు మూసుకుని మంట కోసం కాచుకుంది. మంట రాలేదు. ఒక కన్ను తెరిచి మా ఇద్దరినీ చూసింది. ఆమె అన్నం తినేదాకా కూర్చుని, వణుకు గానీ చెమట గానీ పడితే వెంటనే నోట్లో వేసుకోవడానికి ఒక బెల్లం ముక్క కొంగున కట్టించి వచ్చాను.

తర్వాతి నాలుగైదు రోజుల్లో పరగడుపు షుగరు దిగడం మొదలైంది. పదిహేనో రోజు పట్నం ఆసుపత్రికి తోడు వెళ్లాను. పెద్ద డాక్టరు పుండు నొక్కి చూసి, నలుపు ఆగింది, ఇంకో రెండు వారాలు చూద్దాం అన్నారు. ఆ రెండు వారాలూ నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఉగాదికి పుండు మూసుకుంది. వేలు నిలబడింది. గోరు మాత్రం మళ్లీ రాలేదు. నేను వద్దన్నా వినకుండా కాశింబీ షెడ్డుకి పోతూనే ఉంది. కాయల మీదికి చెప్పులు రానివ్వరు కాబట్టి, షెడ్డు మేస్త్రీని బతిమాలి ఉతికిన మేజోళ్లు వేసుకోవడానికి ఒప్పించాను.

ఆ ఏడాది నుంచి నా పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. అర్థమైందా అని ఎవర్నీ అడగలేదు. మా ఊళ్లో ఆ ప్రశ్నకి అయిందమ్మా అనేది ఒక్కటే జవాబు. మందు పడట్లేదని ఎవరన్నా అంటే, ఏ పూట, ఏ పని చేసి వచ్చాక అని అడిగి, రిజిస్టర్లో వాళ్ల మాటల్లోనే రాసుకున్నాను. ట్రైనింగుకి వచ్చే అమ్మాయిలకి నేను చెప్పిందీ ఇదే. ఉదయం పూట సబ్‌సెంటర్ బల్ల దగ్గర నేర్పిన సూది సగమే నేర్పినట్టు. మిగతా సగం, మనిషి పని దిగి వచ్చే వేళకి ఆమె ఇంటికి పోయి, ఆ చేతులు ఎలా ఉంటే అలా ఉండగానే నేర్పాలి.