సున్నం దున్న మీద పంచనామా

ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాను నేను. పోలీసు స్టేషన్‌లో రైటర్‌గా, అంటే ఫిర్యాదు మొదలు ఛార్జిషీటు దాకా రాతపనంతా చూసే హెడ్ కానిస్టేబుల్‌గా, సర్వీసులో ఎక్కువ భాగం గడిపాను. ఆ కుర్చీలో కూర్చున్నవాడి చేతిలో గులకరాయి బండరాయి అవుతుంది, గట్టు దగ్గర తోపులాట ‘మారణాయుధాలతో దాడి’ అవుతుంది. ఏ.ఎస్.ఐ.గా స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను గానీ ఆ చెయ్యి మాత్రం ఇంకా రిటైర్ కాలేదు. కాబట్టి కింద రాసినదాంట్లో మీకు తోచినంత తగ్గించుకుని చదవండి. పూర్తిగా కల్పించిన ముక్క ఏదో చివర్లో నేనే చెబుతాను.

కిందటి ఎన్నికలకు ముందు వేసవిలో నన్ను బెళుగుప్ప వైపు ఒక మండల స్టేషన్‌కు రైటర్‌గా వేశారు. ఏ మండలమో అడగవద్దు, చెబితే ఆ ఊళ్లో నాకు టీ పుట్టదు. స్టేషన్‌కు ఒకటే ఫ్యాను. అది గాలి ఇచ్చేది కాదు. ఉన్న వేడిని ఎస్సై గారికీ లాకప్‌లో ఉన్నవాడికీ పక్షపాతం లేకుండా పంచేది. ఆ ఎండకు పాత ఫైళ్లలో పడుకున్న ముద్దాయిలకు కూడా చెమటలు పట్టేవి.

ఆ మండలానికి పెద్దమనిషి ఓబన్న. చెరువులు, కాలువలు, చెక్‌డ్యాములు, అన్ని కాంట్రాక్టులూ ఆయనవే. ఆయన కట్టిన చెక్‌డ్యాములో నీళ్లు నిలబడవని జనం అనేవారు. నీళ్లే రావు కాబట్టి ఆ ఆరోపణ ఎన్నడూ రుజువు కాలేదు. మనిషి మా అందరిలాగే ఎండలో పుట్టి ఎండలో పెరిగిన నలుపు. కానీ స్తంభానికొకటిగా వేలాడే ఆయన ఫ్లెక్సీల్లో మాత్రం పాలమీగడ. బస్టాండు దగ్గరి ఫ్లెక్సీ తెలుపుకు కోళ్లు తెల్లవారిందనుకుని మధ్యాహ్నం కూసేవి.

ఫ్లెక్సీకి ఒక శాస్త్రం ఉంది. తల ఎంత పెద్దదైతే హోదా అంత; రంగు ఎంత తెలుపైతే అధికారానికి అంత దగ్గర. పై నాయకుడు అందరికంటే తెలుపు. ఓబన్న ఆయనకంటే ఒక్క చుక్క తక్కువ. అడుగున తపాలా బిళ్లల్లా వరుసగా ఉండే కార్యకర్తలు మాత్రం ఎలా పుట్టారో అలాగే ఉంటారు.

ఈ తెలుపును తయారుచేసేవాడు మాబు. నలభై దాటిన మనిషి, బస్టాండు పక్కన ఫ్లెక్సీ డిజైన్ షాపు, దాంట్లో ఒక కంప్యూటరు. “ఇంకొంచెం తెల్లగా” అన్న మాట వినీ వినీ అతని చెవులు సున్నం కొట్టినట్టయ్యాయి. తర్వాత నా పదవీ విరమణ ఫ్లెక్సీ కూడా అతనే వేశాడు. అడక్కుండానే నన్ను కాశ్మీరు నుంచి బదిలీ అయి వచ్చినవాడిలా చేశాడు. నేనూ వద్దనలేదు.

మనుషులకు తెలుపు పూసి పూసి విసిగాడేమో, మాబు తీరిక వేళల్లో ఒక బొమ్మల సీరియల్ మొదలుపెట్టాడు. పేరు ‘సున్నం దున్న’. ఫోనులో చూసుకునేది. అందులో ఒక ఊరు, ఊరంతా నల్ల ఎనుములు. ఒక దున్నపోతు చెరువు తవ్వకుండానే తవ్వినట్టు బిల్లు తీసుకుని ధనవంతుడై, ఒళ్లంతా సున్నం కొట్టించుకుని, “మాది తెల్లజాతి” అని ప్రకటిస్తుంది. అప్పటినుంచి తెల్లవాళ్లు ముందు వరుస. తలకు మాత్రమే సున్నం దొరికినవాళ్లు రెండో వరుస. ఏమీ దొరకనివాళ్లు వెనక నిలబడి గడ్డిమోపులు మోస్తూ చప్పట్లు కొట్టాలి. ప్రతి ఎన్నికకూ ఆ దున్న వాన తెప్పిస్తానని మాట ఇస్తుంది. కానీ వాన పడితే తన సున్నం కరిగిపోతుంది గదా! అందుకని మబ్బు కనబడగానే అనుచరుల చేత గొడుగులు ఊపించి దాన్ని పక్క జిల్లాకు తరిమేస్తుంది.

మా మీదికి వచ్చిన మబ్బు ఆగకుండా ఎందుకు పోతుందో ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. మాబు చెప్పిన కారణాన్ని జనం వెంటనే నమ్మారు.

ఒక ఉదయం ఓబన్న స్టేషన్‌కు వచ్చాడు. ఆయన మొదటి బండి మా గేటు దగ్గర ఆగినప్పుడు చివరి బండి ఇంకా ఆయన ఇంటి గేటు దాటుతూ ఉంటుంది. కూర్చోకముందే మొదలుపెట్టాడు.

“ఏమప్పా రైటరూ, ఆ మాబుగాడు నన్ను దున్నపోతును చేసినాడంట. సాయంత్రానికి కేసు కట్టాల. వాని కంప్యూటరు ఎత్తకచ్చి లోపలెయ్యాల.”

వృత్తి తెలియనివారి కోసం ఒక మాట. పరువునష్టానికి స్టేషన్ నేరుగా కేసు కట్టడానికి వీల్లేదు, కోర్టు అనుమతి కావాలి. అందుకని పెద్దవాళ్ల ఫిర్యాదుల్లో ‘వర్గాల మధ్య విద్వేషం రెచ్చగొట్టుట’ అనే ముక్క కలుపుతారు. అప్పుడు పని చకచకా సాగుతుంది. మా ఎస్సై గారు కొత్తగా వచ్చినవారు, చట్టం మీద నమ్మకం ఇంకా అరగనివారు. “ఏయే వర్గాల మధ్య?” అని నన్ను అడిగారు. ఆలోచించి, నల్ల ఎనుములకూ తెల్ల ఎనుములకూ మధ్య అని మనవి చేశాను. ఆయన సెక్షన్ల పుస్తకం తెరిచారు. ఈలోగా పైనుంచి ఫోను వచ్చింది. మాబును, కంప్యూటరును పిలిపించాము.

ఇక్కడ మాబుకు భయం జైలంటే కాదు, సొత్తు గది అంటే. కేసు కడితే కంప్యూటరు కేసు సొత్తు అవుతుంది, కేసు తేలేదాకా బయటికి రాదు. మా సొత్తు గదిలో ఒక సైకిలు ఉండేది. దాన్ని దొంగిలించినవాడు మనవళ్లను ఎత్తుకున్నాడు, సైకిలు మాత్రం ఇంకా లోపలే ఉంది. మాబుకు ఆ సంగతి తెలుసు.

“నన్ను నాలుగు తిట్టండి రైటరన్నా, పడతా. సిస్టం మాత్రం తీసుకోవద్దండి. నా ఇల్లంతా దాని మీదనే నడుస్తాండాది” అన్నాడు.

“ఆ దున్న ఎవురప్పా మరి?” అన్నాను.

“దున్నంటే దున్నేన్నా.”

దున్న ఓబన్నలా ఉందా లేదా అన్నది పోలీసులు తేల్చకూడదు. ఊరివాళ్లు ఇద్దరిని మధ్యవర్తులుగా కూర్చోబెట్టి, వాళ్ల కళ్లముందు చూసి, చూసింది రాసి, వాళ్లతో సంతకం చేయించాలి. దాన్నే పంచనామా అంటారు. హత్యాస్థలానికి రాశాను, దొంగనోట్లకు రాశాను, బొమ్మల సినిమాకు రాయడం అదే మొదలు. మధ్యవర్తులుగా అంగన్‌వాడీ టీచర్ మరియమ్మ, గొర్రెలు మేపే సుంకన్న వచ్చారు. ఓబన్న తానూ ఉంటానని గోడవారగా కుర్చీ వేయించుకున్నాడు. నేను కంప్యూటరు నొక్కాను. మెడలో గొలుసుతో, వెనక మూడు బండ్లతో దున్న వచ్చింది, సున్నం కొట్టించుకుంది, మబ్బును చూసి గొడుగులు ఊపించింది.

“సుంకన్నా, బాగా చూసి చెప్పు. ఇది ఎవురి మాదిరి ఉండాది?” అన్నాను.

“దున్న మాదిరే ఉండాది సార్. మంచి వయసులో ఉండాది. నడకే బాగలేదు, ఎనక కాలు ఈడుస్తాండాది.”

“మనిషి మాదిరి అనిపించలేదా?”

“మనిషైతే ఒంటికి సున్నం పూసుకుంటాడా సార్?”

అంతే. మరియమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సుంకన్న కంబళిలో ముఖం దాచుకున్నాడు. నవ్వు లాకప్ దాకా పాకింది, లోపలున్న పేకాటరాయుళ్లు ఊచలు పట్టుకుని ఊగారు, పైకప్పు పెచ్చు ఒకటి నా రిజిస్టర్ మీద పడింది. పంచనామాలో మాత్రం నవ్వు సంగతి రాయలేదు. ‘సదరు దున్నపోతు మొదట నల్లగా నుండి, పిమ్మట సున్నము పూసుకొని తెల్లగా మారి, మేఘమును చూచి భయపడెను. అది ఎవరిని పోలినదో మధ్యవర్తులు చెప్పలేకపోయిరి’ అని రాసి సంతకాలు తీసుకున్నాను.

సంతకం పెడుతూ మరియమ్మ ఒక మాట అంది. “మా పిల్లోల్లు మనిషి బొమ్మకు గులాబీ రంగే ఏస్తారు సార్. రంగుల పెట్టెలో దానికే చర్మం రంగని పేరుండాది. ఆ పిల్లోల్లలో ఆ రంగోళ్లు ఒక్కరూ లేరు.” ఆ మాటకు పంచనామాలో చోటు లేదు.

ఎస్సై గారు ఇక ఓబన్న వాంగ్మూలం తీసుకొమ్మన్నారు. ఫిర్యాది తన నోటితో, ఆ దున్నలో తనవేవో చెప్పాలి. నేను ఒక్కొక్కటే అడిగాను.

“కొమ్ములు మీవేనా అన్నా?”

“థూ. రాయొద్దు.”

“చెరువు తవ్వకుండా బిల్లు తీసుకునేది?”

“అదెందుకు అడుగుతాండావప్పా? అది తీసెయ్.”

“సున్నం?”

“నాకు సున్నమెందుకు? నేను పుట్టిందే తెలుపు.”

ఫ్యాను ఒక చుట్టు ఆగి మళ్లీ తిరిగింది. “మబ్బును తరిమేది?” అన్నాను. అదీ తీసెయ్యమన్నాడు. “మెడలో బంగారు గొలుసు?”

“అది నాదే. కానీ సన్నంగా గీసినాడు నా కొడుకు.”

“వెనకాల మూడు బండ్లు?”

ఓబన్న కుర్చీలోంచి లేచాడు. “ఆఁ, అదప్పా నా బాధ! మూడు బండ్లేంది? నాకుండేవి ఏడు. మండలంలో ఎవుర్నన్నా అడుగు. మూడు బండ్లతో చూపిస్తే నా పరువేం గావాల?”

వాంగ్మూలాన్ని చదివి వినిపించడం నిబంధన. తీసెయ్యమన్నవి తీసేశాక మిగిలింది రెండే ముక్కలు: గొలుసు ఇంకా లావు, బండ్లు మూడు కాదు ఏడు. ఎస్సై గారు పెన్ను కింద పెట్టి, “ఇది నేరం కాదన్నా, సవరణ” అన్నారు. పైనుంచి మళ్లీ ఫోను వస్తే ఇదే చదివి వినిపిస్తానని కూడా అన్నారు. ఆ చదవడం మాట ఓబన్నకు అంతగా రుచించలేదు.

మూలన నిలబడ్డ మాబు అప్పుడు నోరు తెరిచాడు. “బండ్లదే బాధైతే ఈ పొద్దే సరిజేస్తానన్నా. ఏడు పెడతా. గొలుసు లావు జేస్తా.”

ఓబన్న కొంచెం మెత్తబడ్డాడు. “ముందర బండికి లైట్లు?”

“పెడతానన్నా. తిరిగే లైట్లు.”

“హారనూ?”

“ఊరంతా లేచేటట్ల పెడతా.”

మాబు ముఖంలో వంకర ఉందేమోనని వెతికాను. దొంగల ముఖాలు చదివి బతికినవాణ్ణి, నాకేమీ దొరకలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టు ఓబన్న సంతకం పెట్టాడు. సాయంత్రానికి సొత్తు గదికి పోవలసిన కంప్యూటరు మాబు భుజం మీద షాపుకు పోయింది.

అంతవరకు ఆ దున్న ఎవరన్నది ఎవరూ తేల్చలేకపోయారు. ఏ ఊరివాళ్లకు ఆ ఊరి నాయకుడే కనిపించాడు. తర్వాతి భాగంలో దున్న వెనక తిరిగే లైట్లతో, హారన్లతో ఏడు బండ్లు వచ్చాయి. ఆ చుట్టుపక్కల ఏడు బండ్లు ఉన్నది ఒక్కరికే. ఓబన్న ఆ భాగాన్ని తానే అన్ని వాట్సాప్ గ్రూపులకూ పంపించాడు, కింద ‘ఇప్పుడు సరిగ్గా ఉండాది’ అని రాసి మరీ. ఆ వారం నుంచి ఆయన బండ్లు పోతుంటే జనం మండుటెండలో గొడుగులు తెరిచి ఊపేవారు. తనకు స్వాగతం పలుకుతున్నారనుకుని ఆయన అద్దం దించి దండం పెట్టేవాడు. ఆయన ఫ్లెక్సీలు ఇప్పటికీ మాబే వేస్తాడు.

అనుమానితులను వరుసగా నిలబెట్టి సాక్షి చేత గుర్తుపట్టించడం మా పనుల్లో ఒకటి. తనంతట తాను వరుసలోకి వచ్చి నిలబడి, తన గుర్తులు తానే పంచిపెట్టిన మనిషిని నా సర్వీసులో అదొక్కసారే చూశాను. నేర్చుకున్నదేమంటే, పరువు పోయిందని వచ్చినవాడికి కావలసింది పరువో, బండ్లో ముందు అడగాలి. సెక్షన్ తర్వాత వెతకవచ్చు. చాలాసార్లు వెతకవలసిన అవసరమే రాదు.

ఇక కల్పన సంగతి. ఫ్యాను, కోళ్లు, సైకిలు ఉన్నవే, కొంచెం సాగదీశాను. ఏడు బండ్లలో ఒక్కటి కూడా నేను కలపలేదు. గొడుగులు కూడా నిజమే. పూర్తిగా నేను పుట్టించింది మధ్యవర్తుల నవ్వు. ఆ రోజు స్టేషన్‌లో ఎవరూ నవ్వలేదు. మరియమ్మ, సుంకన్న తెర వైపు సరిగా చూడనే లేదు, గోడవారగా కూర్చున్న ఓబన్న చేతుల వైపు చూస్తూ కూర్చున్నారు. సుంకన్న చెప్పిన జవాబులు అక్షరాలా అవే, అయితే అతను వాటిని వణుకుతూ చెప్పాడు. గేటు దాటి పోయాక ఇద్దరూ నవ్వుకున్నారేమో నేను రాయలేను. నేను చూడలేదు.